కఠిన డైటా, బేరియాట్రిక్ సర్జరీయా? ఐదో ఏటి లెక్కతో తేల్చుకోండి

బరువు తగ్గడం గురించి మన చెవిన పడేవన్నీ మొదటి మూడు నెలల కబుర్లే. “అన్నం మానేశాను, పన్నెండు కిలోలు దిగాను” అంటారొకరు. “ఆపరేషన్ అయిన ఆరు నెలలకు మా వదినను గుర్తుపట్టలేకపోయాం” అంటారింకొకరు. మూడు నెలల పాటు గట్టిగా పట్టుకుంటే దాదాపు ఏ పద్ధతైనా పనిచేస్తుంది. ఊబకాయం మాత్రం మూడు నెలల్లో వచ్చిపోయేది కాదు, ఏళ్ల తరబడి వెంట ఉండే జబ్బు. అందుకే ఈ రెండు దారులనూ ఐదో ఏట, పదో ఏట ఎలా ఉంటాయో చూసి పోల్చాలి. అలా చూస్తే రెండింటి బలాలూ లోపాలూ వేరేగా బయటపడతాయి.

పోలికకు ముందు ఒక అపోహ తీసేయాలి. 2015లో నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు, కొన్ని వారాల ముందే ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలొచ్చాయి. అప్పటి నుంచి మన ఇళ్లలో బరువు ఆపరేషన్ అనగానే “అమ్మో, ఆ అమ్మాయికి ఏమైందో తెలుసుగా” అనే మాట వినిపిస్తూనే ఉంది. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును పీల్చి తీసే సౌందర్య చికిత్స. అది ఊబకాయానికి వైద్యం కాదు, దాంతో షుగర్ తగ్గదు, ఆకలి మారదు. ఇక్కడ మాట్లాడుకునే బేరియాట్రిక్ సర్జరీ జీర్ణాశయం మీద, చిన్నపేగు మీద చేసేది. రెండూ పూర్తిగా వేరు.

## ముందు మీ లెక్కలు కాగితం మీద పెట్టండి

బీఎంఐ అంటే కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్య. 160 సెంటీమీటర్ల ఎత్తు, 85 కిలోల బరువు ఉంటే బీఎంఐ 33.2. పాశ్చాత్య దేశాల్లో 30 దాటితే ఊబకాయం అంటారు. మనవాళ్లకు అంతకంటే తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు, షుగర్, ఫ్యాటీ లివర్ మొదలవుతాయి కాబట్టి మన వైద్య నిపుణులు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే హెచ్చరికే.

బీఎంఐ పక్కనే మరో నాలుగు సంగతులు రాసుకోండి.

- షుగర్ ఉందా? ఎన్నేళ్లుగా? మాత్రలతో సరిపోతోందా, ఇన్సులిన్ దాకా వెళ్లిందా?
- బీపీ, స్లీప్ ఆప్నియా, కీళ్ల అరుగుదల, ఫ్యాటీ లివర్, ఆడవారిలో నెలసరి తప్పించే హార్మోన్ల సమస్య పీసీఓఎస్‌లలో ఏవున్నాయి? గురక పెడుతూ ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారంటే స్లీప్ ఆప్నియా అని అనుమానించాలి.
- ఇప్పటి దాకా ఎన్నిసార్లు బరువు తగ్గారు, ఎన్నిసార్లు తిరిగి పెరిగారు? ఒక్కసారీ నిజాయితీగా ప్రయత్నించని మనిషికీ, ఆరుసార్లు పదేసి కిలోలు తగ్గి ఆరుసార్లూ పెరిగిన మనిషికీ ఒకే సలహా పనికిరాదు.
- బాధలోనో, రాత్రి ఒంటరిగానో ఆపుకోలేనంతగా తినే అలవాటుందా? డిప్రెషన్ ఉందా? మద్యం ఎంత?

ఈ చివరి ప్రశ్నను చాలామంది దాటేస్తారు. నా ఉద్దేశంలో బీఎంఐ తర్వాత ఎంపికను ఎక్కువగా మార్చేది ఇదే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మహిళల్లో మూడో వంతుకు పైగా బీఎంఐ 25 దాటినవారే. తెలంగాణ కూడా దేశ సగటు కంటే పైనే ఉంది. ఇంతమందిలో సర్జరీ అవసరమయ్యేది కొద్దిమందికే. కానీ ఆ కొద్దిమంది ఏళ్ల తరబడి డైట్ నుంచి డైట్‌కు తిరుగుతూ, కిడ్నీలూ మోకాళ్లూ పాడయ్యాక గానీ సర్జన్ దగ్గరికి చేరడం లేదు. ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం అదే.

## కఠిన డైట్: ఏం చేయగలదు, ఎక్కడ ఆగిపోతుంది

కఠిన డైట్ అనే పేరుతో మన దగ్గర ఎన్నో నడుస్తున్నాయి. ఉప్పూ నూనే వదిలేసే మంతెన సత్యనారాయణరాజు గారి పద్ధతి ఒకటి. 2018 ప్రాంతంలో ఊరూరా పాకిన, అన్నం చపాతీ పూర్తిగా మాని కొబ్బరినూనె తాగే వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి మరొకటి. పిండిపదార్థాలు దాదాపు మాని కొవ్వు ఎక్కువగా తినే కీటో, అడపాదడపా ఉపవాసం, షేక్‌లతో నడిచే ప్రోగ్రాములు సరేసరి. వైద్యులు రాసే అతి తక్కువ కేలరీల డైట్‌లో రోజుకు 800 కేలరీలకు అటూ ఇటూగా ఉంటుంది. హోటల్లో ఒక్క ప్లేటు చికెన్ బిర్యానీతోనే దాదాపు ఆ లెక్క నిండిపోతుంది.

కఠిన డైట్‌ను తేలిగ్గా తీసిపారేయకూడదు. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ (DiRECT) అనే అధ్యయనంలో, షుగర్ వచ్చి ఆరేళ్లలోపు ఉండి, ఇన్సులిన్ వాడనివారికి మూడు నుంచి ఐదు నెలల పాటు రోజుకు సుమారు 850 కేలరీల షేక్‌లు, సూప్‌లు మాత్రమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో అయితే 86 శాతం మందికి. కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు కళ్లకద్దుకోవాల్సిన ఫలితం ఇది.

ఇప్పుడు కాలం ముందుకు జరిపి చూద్దాం. రెండేళ్లకు ఆ 46 కాస్తా 36 శాతమైంది. ఐదేళ్ల దాకా వెంటపడి సలహాలిచ్చిన బృందంలో 13 శాతం దగ్గర ఆగింది. అమెరికాలో షుగర్ ఉన్న 5,145 మందితో జరిగిన లుక్ అహెడ్ అధ్యయనంలోనూ ఇదే తీరు. డైట్, వ్యాయామం, వారం వారం కౌన్సెలింగ్‌తో మొదటి ఏడాది సగటున 8.6 శాతం బరువు తగ్గారు, దాదాపు పదేళ్ల తర్వాత చూస్తే 6 శాతం నిలిచింది. అయితే అందులోనే ఆశ కలిగించే సంగతీ ఉంది. ఎనిమిదో ఏట సగం మందికి కనీసం 5 శాతం, నాలుగో వంతు మందికి పైగా 10 శాతం తగ్గుదల నిలిచే ఉంది. వంద కిలోల మనిషికి పది కిలోలు శాశ్వతంగా తగ్గడమంటే బీపీకి, మోకాళ్లకు, లివర్‌కు పెద్ద ఊరటే.

మరి మిగతావాళ్లకు బరువు ఎందుకు తిరిగొస్తోంది? నోరు కట్టుకోలేకపోవడం వల్ల అని మనం తీర్పు చెప్పేస్తాం. శరీరం లోపల జరిగేది వేరు. మెల్‌బోర్న్ పరిశోధకులు 50 మందికి పది వారాలు అతి తక్కువ కేలరీల డైట్ పెట్టి, ఏడాది తర్వాత రక్తపరీక్ష చేశారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ అప్పటికీ పెరిగే ఉంది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తగ్గే ఉన్నాయి. అమెరికా టీవీ పోటీలో భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, వాళ్ల శరీరాలు ఉండాల్సినదాని కంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. శరీరం డైట్‌ను కరువుగా లెక్కేసుకుని, గింజా గింజా పొదుపు చేయడం మొదలుపెడుతుంది. ఎక్కువ బరువు తగ్గినవాళ్లు ఈ పొదుపుతో అంత ఎక్కువగా, అంత ఎక్కువ కాలం పోరాడాలి.

మన ఇళ్లలో దీనికి తోడయ్యేది వంటిల్లు. మగవాడు డైట్ మొదలుపెడితే భార్యో తల్లో వేరుగా వండి పెడతారు. అదే ఇల్లాలు డైట్ చేయాలంటే అందరికీ అన్నం, పప్పు, వేపుడు వండి, వడ్డించి, చివర్లో తన గిన్నె వేరుగా పెట్టుకోవాలి. పిల్లలు వదిలేసిన ముద్ద పారేయలేక నోట్లో వేసుకోవడమూ ఉంటుంది. రెండో నెలకల్లా “నీ ఒక్కదానికేంటి ఈ గోల” అనే మాట వస్తుంది. కఠినమైన ప్లాన్ ఎంచుకునే ముందు ఇంట్లో దాన్ని ఎవరు, ఎన్నేళ్లు వండుతారో మాట్లాడుకోండి. సమాధానం దొరక్కపోతే ఆ డైట్ కాగితం మీదే బాగుంటుంది.

డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టకూడనివాళ్లు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవారు కీటో చేస్తే రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ రావచ్చు. అప్పుడు షుగర్ రీడింగ్ మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది. బీపీ మాత్రల మోతాదు మార్చకపోతే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు అసలు ఈ జోలికి పోకూడదు. చాలా వేగంగా తగ్గేవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశమూ పెరుగుతుంది. ఇది డైట్‌కీ సర్జరీకీ రెండింటికీ వర్తిస్తుంది.

## సర్జరీ: కోత ఒక గంట, బాధ్యత జీవితాంతం

ఎక్కువగా చేసేవి రెండు, వీటికి దగ్గరి బంధువు ఇంకొకటి. మూడూ చిన్న రంధ్రాల ద్వారా లాపరోస్కోపీతోనే జరుగుతాయి.

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసేసి అరటికాయంత గొట్టంలా మిగులుస్తారు. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం పోతుంది కాబట్టి ఆకలే తగ్గుతుంది. పేగును ముట్టుకోరు. తీసేసిన భాగాన్ని తిరిగి పెట్టలేరు.

గ్యాస్ట్రిక్ బైపాస్. పైన చిన్న సంచిని విడదీసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. తిన్నది మిగతా జీర్ణాశయాన్నీ, పేగు మొదటి భాగాన్నీ దాటి వెళ్లిపోతుంది. షుగర్ మీద ప్రభావం, బరువు తగ్గుదల స్లీవ్ కంటే కొంత ఎక్కువ. విటమిన్ల లోటూ ఎక్కువే.

మినీ బైపాస్. జీర్ణాశయాన్నీ పేగునూ ఒకే చోట కలిపి చేసే బైపాస్ ఇది. మన దేశంలో బాగా చేస్తారు. పైత్యరసం పైకి తన్నడం, పోషకాల లోటు ఇందులో గమనించాల్సినవి.

కడుపులో బెలూన్ పెట్టడం సర్జరీ కాదు. ఆరు నెలలకో, ఏడాదికో తీసేస్తారు, తీసేశాక బరువు తిరిగి రావడం మామూలే.

సర్జరీ పనిచేసేది చిన్న కడుపు వల్లనే అనుకోవడం సగమే నిజం. డైట్ తర్వాత పెరిగే ఆకలి హార్మోన్లు సర్జరీ తర్వాత అలా పెరగవు, కడుపు నిండిన సంకేతాలు బలపడతాయి. బైపాస్ అయినవారిలో బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే షుగర్ దిగడం మొదలవుతుంది. డైట్ చేసే మనిషి రోజూ ఆకలితో పోట్లాడాలి. సర్జరీ అయిన మనిషికి కనీసం తొలి ఒకటి రెండేళ్లు ఆ పోట్లాట చాలావరకు ఉండదు. ఆ వ్యవధిలో కొత్త అలవాట్లు నిలబెట్టుకున్నవాళ్లే తర్వాత నిలుస్తారు. “సులువు దారి వెతుక్కున్నాడు” అనే మాట ఇలాంటివాళ్ల ముందు అనడం అన్యాయం.

దీర్ఘకాలం ఏమవుతుందో చెప్పడానికి స్వీడన్ అధ్యయనం ఉంది. 1987లో మొదలైంది. సర్జరీ అయిన 2,010 మందిని, మామూలు చికిత్స పొందిన 2,037 మందిని దశాబ్దాల తరబడి గమనించారు. పదేళ్లకు సర్జరీ వాళ్లలో సగటున 16 శాతం తగ్గుదల నిలిచింది, రెండో వర్గం మొదటి బరువు కంటే కాస్త పెరిగింది. ఇరవై ఏళ్లకూ సర్జరీ వర్గంలో 18 శాతం తగ్గుదల ఉంది. వాళ్ల ఆయుష్షు సగటున మూడేళ్లు ఎక్కువని 2020లో తేలింది. అందులో చేసినవి ఎక్కువగా ఇప్పుడు వాడని పాత పద్ధతులు. ఇప్పటి స్లీవ్‌తో మొదటి ఒకటి రెండేళ్లలో మొత్తం శరీర బరువులో దాదాపు 25 శాతం, బైపాస్‌తో 30 శాతం దాకా తగ్గుతారు.

షుగర్ సంగతి కూడా కాలంతో పాటే చూడాలి. అదే స్వీడన్ అధ్యయనంలో రెండేళ్లకు 72 శాతం మందికి షుగర్ పోయింది, పదేళ్లకు ఆ సంఖ్య 36 శాతం. క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 150 మందితో చేసిన స్టాంపీడ్ అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకు తక్కువ ఉన్నవారు బైపాస్ వర్గంలో 29 శాతం, స్లీవ్ వర్గంలో 23 శాతం, మందులు మాత్రమే వాడిన వర్గంలో 5 శాతం. కాబట్టి “ఆపరేషన్‌తో షుగర్ శాశ్వతంగా మాయం” అనే ప్రకటన నమ్మకండి. షుగర్ వచ్చి కొద్ది ఏళ్లే అయి, ఇన్సులిన్ దాకా వెళ్లనివారికి అవకాశాలు మెరుగు. పదిహేనేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నవారికి మోతాదు తగ్గవచ్చు, పూర్తిగా పోవడం కష్టం.

ఇక నష్టాలు. అనుభవం ఉన్న కేంద్రాల్లో సర్జరీ వల్ల ప్రాణం పోయే ప్రమాదం వెయ్యిలో ఒకరికి అటూ ఇటూ, గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కు దగ్గరగా ఉంటుంది. కుట్ల దగ్గర లీకు, రక్తస్రావం, కాళ్ల సిరల్లో గడ్డలు తక్కువ మందికే వస్తాయి గానీ వస్తే ప్రమాదకరం. తర్వాత ఎదురయ్యేవే ఎక్కువమందిని ఇబ్బంది పెడతాయి.

స్లీవ్ తర్వాత ఛాతీలో మంట, పులితేన్పులు పెరగవచ్చు. ఫిన్లాండ్‌లో పదేళ్లు గమనించిన స్లీవ్‌పాస్ అధ్యయనంలో అన్నవాహిక వాపు స్లీవ్ వారిలో 31 శాతం మందికి, బైపాస్ వారిలో 7 శాతం మందికి కనిపించింది. ఇప్పటికే ఎసిడిటీతో రోజూ మాత్ర వేసుకునేవారు స్లీవ్‌కు ఒప్పుకునే ముందు ఎండోస్కోపీ చేయించుకుని, బైపాస్ గురించి అడగాలి. బైపాస్‌లో స్వీట్లు తింటే గుండెదడ, చెమటలు, విరేచనాలతో డంపింగ్ అనే ఇబ్బంది వస్తుంది. పొగతాగడం వల్లా, నొప్పుల మాత్రల వల్లా పేగును కలిపిన చోట పుండ్లు పడవచ్చు. మోకాలి నొప్పికి మెడికల్ షాపులో అడిగి మాత్ర వేసుకునే అలవాటు పూర్తిగా మానాలి.

బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం వేసుకోవాలి, ఏటా రక్తపరీక్షలు చేయించాలి. మనలో చాలామందికి, ముఖ్యంగా శాకాహారులకూ ఆడవాళ్లకూ, సర్జరీకి ముందే బీ12, ఐరన్ తక్కువగా ఉంటాయి. అవి ముందే సరిచేయించుకోవాలి. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి వాంతులు ఆగకపోతే థయమిన్ (విటమిన్ బీ1) లోపంతో మెదడు, నరాలు దెబ్బతినవచ్చు. “పడలేదేమోలే” అని ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లాలి. మూడో నెల నుంచి జుట్టు రాలుతుంది, చాలామందికి తిరిగి వస్తుంది. చర్మం వేలాడుతుంది. బైపాస్ తర్వాత మద్యం త్వరగా ఎక్కుతుంది, కొందరిలో వ్యసనంగా మారుతుంది. ఆత్మహత్య ఆలోచనలు పెరిగినట్టూ అధ్యయనాలు చూపాయి. అందుకే మానసిక వైద్యుడి పరీక్ష ఒక లాంఛనం కాదు.

తిండి కూడా మారుతుంది. మొదట రెండు వారాలు ద్రవాలే: పల్చటి మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, ప్రోటీన్ పొడి కలిపిన నీళ్లు. తర్వాత మెత్తగా మెదిపినవి, ఆ పైన మామూలు తిండి. రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ అందాలి. కంచంలో ముందు గుడ్డు, చేప, పనీర్ లేదా పప్పు తిని, చోటు మిగిలితేనే అన్నం. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. అంటే సర్జరీ చేయించుకున్నా డైట్ తప్పదు. తేడా అల్లా, ఆకలి అడ్డుపడకుండా చేయగలగడమే.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| అంశం | కఠిన డైట్ | సర్జరీ |
|---|---|---|
| మొదటి ఒకటి రెండేళ్లలో తగ్గుదల | గట్టి పర్యవేక్షణ ఉంటే 8–10 శాతం | 25–30 శాతం |
| పదేళ్ల నాటికి నిలిచేది | సగటున 5–6 శాతం, మనిషికీ మనిషికీ చాలా తేడా | పాత పద్ధతులతోనే సుమారు 16 శాతం |
| షుగర్ | కొత్తగా వచ్చినవారికి మంచి అవకాశం, నిలవడం కష్టం | అవకాశం ఎక్కువ, కాలంతో కొంత తిరిగి వస్తుంది |
| ప్రాణాపాయం | చాలా తక్కువ, మందులు సర్దకపోతే ముప్పు | తక్కువే, సున్నా కాదు |
| పోషకాల లోటు | డైట్ సాగినన్నాళ్లు | జీవితాంతం జాగ్రత్త |
| వెనక్కి వెళ్లగలమా | ఎప్పుడైనా ఆపవచ్చు | స్లీవ్‌లో వీల్లేదు, బైపాస్‌లో అరుదుగా |
| ఖర్చు | నెల నెలా, విడతలుగా | ఒకేసారి లక్షల్లో, ఆపైన మాత్రలు, పరీక్షలు |

## మధ్యలో వచ్చిన మందులు

2025లో టిర్జెపటైడ్, బరువు కోసం ఇచ్చే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. పెద్ద అధ్యయనాల్లో సెమాగ్లుటైడ్‌తో సుమారు 15 శాతం, టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదుతో 20 శాతం దాకా తగ్గారు. ఒక్క డైట్‌కూ సర్జరీకీ మధ్య ఖాళీని ఇవి నింపుతున్నాయి. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని కూడా తెలుసుకోండి. ఎన్నేళ్లు కొనగలరో లెక్కేసుకుని మొదలుపెట్టాలి.

## మీరు ఎవరు? దాన్ని బట్టే జవాబు

బీఎంఐ 25–30 మధ్య, జబ్బులేవీ లేనివారు. సర్జరీ మీకోసం కాదు. నిజానికి కఠిన డైట్ కూడా అక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని చెప్పింది. మన కంచంలో అన్నం దానికి బాగా మించి ఉంటుంది. అన్నం సగం చేసి, పప్పూ కూరా రెట్టింపు చేసి, రోజూ నడిస్తే చాలామందికి చాలు.

షుగర్ వచ్చి రెండు మూడేళ్లయి, బీఎంఐ 27–32 ఉన్నవారు. డాక్టర్, డైటీషియన్ పర్యవేక్షణలో ఒక్కసారి గట్టిగా డైట్ చేయండి. 10–15 కిలోలు లక్ష్యం పెట్టుకోండి. ఈ అవకాశం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది కాబట్టి వాయిదా వేయకండి. అయినా షుగర్ అదుపులోకి రాకపోతే సర్జన్‌తో మాట్లాడటం తొందరపాటు కాదు. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియావాసులకు బీఎంఐ 27.5 నుంచే సర్జరీని పరిశీలించవచ్చని చెబుతున్నాయి. నేనైతే 30 లోపు ఉన్నవారు ముందు డైట్, మందులు పూర్తిగా ప్రయత్నించాకే అటు చూడాలంటాను.

బీఎంఐ 35 దాటి, డైట్లు చేసి చేసి అలసిపోయినవారు. ఇంకో కఠిన డైట్‌తో ఇంకో రెండేళ్లు పోగొట్టుకోకండి. 115 కిలోల మనిషికి పదేళ్ల నాటికి ఆరేడు కిలోలు తగ్గితే మోకాళ్లూ స్లీప్ ఆప్నియా బాగుపడటం కష్టం. ఇక్కడ ఆధారాలు సర్జరీ వైపే మొగ్గుతున్నాయి. “ఇంకాస్త కంట్రోల్ చేసుకో” అని చెప్పే బంధువులకు ఈ లెక్కలు చూపించండి.

పెళ్లి కుదిరిందనో, సంబంధాలు చూస్తున్నారనో తొందరపడే అమ్మాయిలు. ముహూర్తం కోసం సర్జరీ చేయించుకోవద్దు, చేయించాలని ఒత్తిడి చేయవద్దు. సర్జరీ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. పెళ్లయిన ఏడాదిలోపే “విశేషమేమైనా ఉందా” అని అడిగే మన ఇళ్లలో ఆ సంగతి ముందే తేల్చుకోవాలి. బరువు తగ్గాక పీసీఓఎస్ ఉన్నవారికి నెలసరి సక్రమమై, అనుకోకుండా గర్భం రావడం సాధారణం. బీఎంఐ 35 దాటి, పిల్లలు కలగక బాధపడేవారికి మాత్రం ఈ వ్యవధిని లెక్కేసుకుని సర్జరీ ముందుగా చేయించుకోవడం మేలు చేయవచ్చు.

ఆపుకోలేక తినే అలవాటు, డిప్రెషన్, మద్యం ఉన్నవారు. ముందు దానికి చికిత్స. కఠిన డైట్ ఆ తిండి యావను ఇంకా రెచ్చగొడుతుంది, సర్జరీ దాన్ని మాన్పదు. చికిత్స తర్వాత రెండు దారులూ తెరిచే ఉంటాయి.

విదేశాల నుంచి సెలవులకు వచ్చి ఇక్కడ చేయించుకోవాలనుకునేవారు. ఖర్చు తక్కువ కాబట్టి ఆలోచన అర్థమవుతుంది. మూడు వారాల సెలవులో ఆపరేషన్ అయిపోతుంది, ఆ తర్వాతి ఏళ్లు ఉండేది అక్కడ. మీ ఊళ్లో ఎవరు చూస్తారో, లీకు అనుమానం వస్తే ఏ ఆస్పత్రికి వెళ్తారో తేలాకే టికెట్ కొనండి. అంత త్వరగా సుదూర విమానం ఎక్కితే కాళ్లలో గడ్డల ముప్పు పెరుగుతుందని సర్జన్‌కు గుర్తుచేయండి.

అరవై దాటినవారు. వయసు ఒక్కటే అడ్డు కాదు. అయితే కఠిన డైట్‌తోనైనా సర్జరీతోనైనా కండ కరగడం వీరికి పెద్ద నష్టం. ప్రోటీన్, కండబలం పెంచే వ్యాయామం లేకుండా దేనికీ దిగకండి.

## డబ్బు, బీమా

హైదరాబాద్, విజయవాడ, విశాఖ ప్రైవేటు ఆస్పత్రుల్లో పద్ధతిని బట్టి రెండు మూడు లక్షల నుంచి ఐదారు లక్షల దాకా అడుగుతారు. బీమా విషయంలో ఒక చిక్కు ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక షరతుల ప్రకారం కంపెనీ డబ్బు కట్టాలంటే వయసు 18 నిండి, బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, ఇతర పద్ధతులు విఫలమై, గుండెజబ్బు, తీవ్ర స్లీప్ ఆప్నియా, అదుపులేని షుగర్ లాంటివి ఉండాలి. మొదట్లో చెప్పిన 160 సెంటీమీటర్ల, 85 కిలోల మనిషికి షుగర్ ఉంటే వైద్యపరంగా సర్జరీ సూచించవచ్చు, బీమా మాత్రం రాదు. ఆసియావాసులకు కొలతలు వేరని వైద్యం ఒప్పుకున్నా మన బీమా నిబంధనలు ఇంకా ఒప్పుకోలేదు. ఇది మారాలి. పాలసీలో వేచి ఉండాల్సిన కాలం ఎంతో చదివి, ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. పాత డైట్ల రికార్డులు, డైటీషియన్ చీటీలు దాచిపెట్టండి, “ఇతర పద్ధతులు విఫలమయ్యాయి” అని చూపేది అవే.

## నిర్ణయానికి ముందు అడగాల్సినవి

డైట్ ప్లాన్ అమ్మేవారిని: నా మందులు చూసి మోతాదు మార్చే డాక్టర్ మీ దగ్గర ఉన్నారా? మూడు నెలలు అయ్యాక నాలుగో నెలలో నేనేం తినాలి? రెండేళ్ల తర్వాత మీ దగ్గరికి వచ్చినవాళ్ల బరువు ఎంతుంది? “నెలకు 20 కిలోలు గ్యారంటీ” అన్నవారి దగ్గర మొదటి ప్రశ్నకే లేచి వచ్చేయవచ్చు.

సర్జన్‌ను: ఇలాంటివి ఏటా ఎన్ని చేస్తారు? లీకు వస్తే ఇదే ఆస్పత్రిలో ఐసీయూ, రాత్రి పూట సర్జన్ ఉంటారా? నాకు స్లీవ్ ఎందుకు, బైపాస్ ఎందుకు కాదు? ప్యాకేజీలో డైటీషియన్, మానసిక నిపుణుడు, ఐదేళ్ల ఫాలోఅప్ ఉన్నాయా, లేక డిశ్చార్జితో సరిపెడతారా? బరువు తిరిగి పెరిగితే ఏం చేస్తారు? సంప్రదింపు రోజే అడ్వాన్సు కట్టమంటే కట్టకుండా ఇంటికి రండి. ఇంకో సర్జన్ అభిప్రాయం, మీ షుగర్ డాక్టర్ అభిప్రాయం తీసుకున్నాకే తేదీ ఖాయం చేసుకోండి. ఊబకాయం అత్యవసర ఆపరేషన్ కాదు కాబట్టి రెండు వారాలు ఆలోచించుకోవడానికి మీకు ఎప్పుడూ సమయం ఉంటుంది.